డ్రాగన్ చిత్రణ: తూర్పు ఆసియా చిత్రకళలోనూ హస్తకళల్లోనూ

చైనా, జపాన్, కొరియా, వియత్నాం దేశాల్లో డ్రాగన్ బొమ్మ వేయడం ఒక ప్రత్యేక విద్య. కొండలు, వెదురు, పూలూ పక్షులూ గీసేవారికి ఉన్నట్టే ఈ విద్యకూ సొంత గురువులు, సొంత లక్షణ గ్రంథాలు ఉన్నాయి. సుంగ్ వంశపు చక్రవర్తి హుయ్‌జుంగ్ కొలువులో 1120లో తయారైన రాజచిత్రాల పట్టిక చిత్రకళను పది విభాగాలుగా విడదీసింది. వాటిలో ఒకటి అచ్చంగా డ్రాగన్లకూ చేపలకూ కేటాయించినది. ఈ విద్యలో చిక్కు మొదటినుంచీ ఒక్కటే. గీసేవాడు ఆ ప్రాణిని చూడలేదు, బొమ్మను చూసేవాడూ చూడలేదు. అయినా అది ఊపిరి తీస్తున్నట్టు ఉండాలి. ఆ చిక్కును విప్పిన తీరు డ్రాగన్ ఒంటిలో కన్నా దాన్ని చుట్టుకున్న మబ్బులో, నీటిలో, కుంచె తాకకుండా వదిలిన తెల్లని కాగితంలో ఎక్కువగా కనిపిస్తుంది.

మొదటి రూపాలు

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో పూయాంగ్ దగ్గర 1987లో ఒక సమాధి బయటపడింది. అందులో అస్థిపంజరానికి ఒక పక్క పులి, ఇంకో పక్క డ్రాగన్ ఉన్నాయి. రెండూ ఆల్చిప్పలు పేర్చి చేసినవే. డ్రాగన్ పొడవు 1.78 మీటర్లు, వయసు ఆరువేల ఏళ్లకు పైమాటే. అదే రాష్ట్రంలోని ఎర్లితోలో 2002లో దొరికిన మరో డ్రాగన్‌ను రెండువేలకు పైగా ఫిరోజా రాతి ముక్కలతో కూర్చారు. కుంచెతో వేసిన తొలి డ్రాగన్లలో ఒకటి చాంగ్‌షాలో 1973లో తవ్వి తీసిన పట్టుచిత్రం మీద ఉంది. క్రీస్తుకు పూర్వపు ఆ చిత్రంలో డ్రాగన్ ఒళ్లు పడవలా వంగి ఉంటుంది, దాని మీద ఒక మనిషి నిలబడి పగ్గాలు పట్టుకుని ఉంటాడు.

బౌద్ధం చైనా చేరినప్పుడు ఈ రూపానికి మన నాగుల కథలు తోడయ్యాయి. అమరావతి స్తూప ఫలకాల మీద పడగలు విప్పి స్తూపాన్ని కాపలా కాసే నాగులు కనిపిస్తారు. నీటి అడుగున కొలువుండి, వానలు కురిపిస్తూ ధర్మాన్ని కాపాడే అలాంటి నాగరాజులే బౌద్ధ గ్రంథాల వెంట వెళ్లి చైనాలో డ్రాగన్ రాజులయ్యారు. నాగలోకం నుంచి ప్రజ్ఞాపారమిత గ్రంథాలను తెచ్చాడని చెప్పుకునే ఆచార్య నాగార్జునుడిని చైనా, జపాన్ బౌద్ధులు ఈనాటికీ డ్రాగన్ పేరుతోనే కొలుస్తారు. పడగ మాత్రం దారిలోనే రాలిపోయింది. దాని చోట కొమ్ములు, మీసాలు, నాలుగు కాళ్లు ఉండిపోయాయి.

వాన కురిపించే దేవత కనుక డ్రాగన్‌ను గీయడమంటే వాతావరణాన్ని గీయడమే అయింది. తర్వాతి శతాబ్దాల చిత్రకారులు దీన్ని ఎంత దూరం తీసుకెళ్లారో కింద చూస్తాం.

ఒంటి కొలతలు

11వ శతాబ్దంలో గువో రువోషు అనే కళాచరిత్రకారుడు డ్రాగన్ లక్షణాలను రాసిపెట్టాడు. ఒంటిని మూడు భాగాలుగా చూడాలి: తల నుంచి భుజం దాకా, భుజం నుంచి నడుము దాకా, నడుము నుంచి తోక దాకా. ప్రతి భాగం ఒక మలుపు తిరగాలి. ఇక పోలికలు తొమ్మిది. జింక కొమ్ములు, ఒంటె తల, దెయ్యం కళ్లు, పాము మెడ, పెద్ద ఆల్చిప్ప పొట్ట, చేప పొలుసులు, గద్ద గోళ్లు, పులి పంజా, ఎద్దు చెవులు. ఈ తొమ్మిదిలో కళ్లు తప్ప మిగిలినవన్నీ ఎవరైనా చూడగలిగినవే కావడం గమనించాలి. కొమ్ము గీయాలంటే జింకను చూడాలి, గోరు గీయాలంటే గద్దను చూడాలి. కల్పన పుట్టేది వీటిని అతికే చోట్లలోనే. డ్రాగన్ చిత్రకారుడి సత్తా తెలిసేది కూడా అక్కడే. మెడ భుజంతో కలిసేచోట ఎముక ఉన్నట్టు తోస్తే మిగతాదంతా నమ్ముతాం.

నాలుగు శతాబ్దాల తర్వాత ఇటలీలో లియొనార్డో డా విన్సీ తన నోటు పుస్తకాల్లో ఇంచుమించు ఇదే మాట రాసుకున్నాడు. ఊహలోని జంతువు నిజంగా ఉన్నట్టు కనిపించాలంటే దాని ప్రతి అవయవం ఏదో ఒక నిజమైన జంతువుది అయి ఉండాలన్నాడు. ఉదాహరణకు ఎంచుకున్నది డ్రాగన్‌నే. దానికి వేటకుక్క తల, పిల్లి కళ్లు, ముళ్లపంది చెవులు, తాబేలు మెడ పెట్టమన్నాడు. గువో రువోషు పేరు కూడా ఆయన విని ఉండడు. మన శిల్పులూ ఆ పద్ధతి ఎరిగినవాళ్లే. గుడి తోరణాల మీది మకరానికి మొసలి దవడ, ఏనుగు తొండం, చేప ఒళ్లు అమర్చింది ఈ ఆలోచనతోనే.

పొలుసులకూ లెక్క ఉంది. తొమ్మిది తొమ్మిదుల ఎనభై ఒకటి అని పాత గ్రంథాలు చెబుతాయి. బొమ్మల్లో ఎవరూ ఆ లెక్క పాటించినట్టు కనిపించదు. ఒళ్లు మబ్బులో సగం దాగి ఉంటే లెక్కించడానికి దారేది? గోళ్ల లెక్క మాత్రం చాలా కచ్చితం. యువాన్ వంశం కాలం నుంచి ఐదు గోళ్ల డ్రాగన్‌ను చక్రవర్తికే పరిమితం చేస్తూ ఆంక్షలు వచ్చాయి. కిందివారు నాలుగు గోళ్లతో సరిపెట్టుకోవాలి. జపాన్ డ్రాగన్లకు ఎక్కువగా మూడే ఉంటాయి.

చెన్ రోంగ్, తొమ్మిది డ్రాగన్లు

ఈ విద్యలో శిఖరం చెన్ రోంగ్. ఆయనది ఫూజియన్ ప్రాంతం. 1235లో దేశస్థాయి ఉద్యోగ పరీక్షలో ఉత్తీర్ణుడై దక్షిణ సుంగ్ ప్రభుత్వంలో అధికారిగా పనిచేశాడు. బొమ్మలు వేయడం ఆయన జీవనోపాధి కాదు. 1244లో వేసిన 'తొమ్మిది డ్రాగన్లు' అనే కాగితపు చుట్ట ఇప్పుడు అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉంది. ఎత్తు 46.3 సెంటీమీటర్లు, పొడవు దాదాపు 11 మీటర్లు. నల్ల సిరాతో వేసిన చిత్రమిది, అక్కడక్కడ కొద్దిగా ఎరుపు తాకించాడు. ఒకప్పుడు ఇది చింగ్ చక్రవర్తి చియెన్‌లుంగ్ సేకరణలో ఉండేది. ఆయన ముద్రలూ రాతలూ దాని మీద ఉన్నాయి. మ్యూజియం దీన్ని 1917లో సంపాదించింది.

అంత పొడవున్న చిత్రాన్ని ఒక్కసారిగా చూడరు. కుడిచేత్తో చుడుతూ ఎడమచేత్తో విప్పుతూ, చేతుల మధ్య పట్టినంత మేరే చూస్తూ కుడి నుంచి ఎడమకు సాగుతారు. చెన్ రోంగ్ బొమ్మను ఈ చూపు కోసమే కట్టాడు. మొదట కొండరాళ్లు, వాటి సందుల్లోంచి ఒక డ్రాగన్. ఆ తర్వాత మబ్బులు కమ్ముకుంటాయి, ఇంకో తల బయటికి వస్తుంది. ఒకచోట ముత్యాన్ని గోళ్లతో బిగించి పట్టినది కనిపిస్తుంది. ఇంకొంత విప్పితే సుడిగుండం, కాగితం అంచులు దాటిపోయేలా తిరుగుతున్న నీళ్లు. ఏ డ్రాగనూ పూర్తిగా కనబడదు. ఒక దాని నడుము మబ్బులో కరిగితే, ఇంకో దాని తోక అలల కింద ఉంటుంది. చివరిది రాతి మీద వాలి సేద తీరుతుంది.

ఆయన పని చేసిన తీరు గురించి 14వ శతాబ్దపు చిత్రకారుల చరిత్ర ఒకటి చెబుతుంది. సిరా చిమ్మి మబ్బులు చేసేవాడట, నోటితో నీళ్లు పుక్కిలించి ఊది పొగమంచు చేసేవాడట. తాగిన మత్తులో పెద్దగా అరిచి, తలమీది గుడ్డ తీసి సిరాలో ముంచి కాగితం మీద చేతికొచ్చినట్టు పులిమేవాడట. ఆ తర్వాత కుంచె పట్టి బొమ్మ పూర్తి చేసేవాడట. చాలామంది ఈ కథలో తాగుడునూ అరుపునూ గుర్తుపెట్టుకుంటారు. నాకు అందులో విలువైనదిగా తోచేది చివరి వాక్యం. గుడ్డతో పులిమినప్పుడు కాగితం మీద ఏర్పడిన మరకలు మబ్బులు కాదు, డ్రాగన్లు కావు, ఇంకా ఏవీ కావు. ఏ మరకలో తల దాగి ఉంది, ఏది వీపుగా పనికొస్తుంది అని చూసుకుని కుంచెతో వెలికి తీయడానికి మత్తు చాలదు, ఏళ్ల సాధన కావాలి. బోస్టన్ చిత్రంలో పొలుసుల వరసలూ గోళ్ల కీళ్లూ ఎంత నిదానంగా గీసి ఉన్నాయో చూస్తే ఇది స్పష్టమవుతుంది. చిమ్మిన సిరా చుక్కలు కూడా ఆ పక్కనే ఉన్నాయి. తొందరా ఓర్పూ ఒకే కాగితం మీద కలిసిన పని అది.

సిరాతో పని

ఈ చిత్రాలకు వాడే సిరా కడ్డీ రూపంలో ఉంటుంది. దేవదారు జాతి కట్టె కాల్చిన మసినో నూనె దీపపు మసినో జంతువుల జిగురుతో కలిపి, దంచి, అచ్చు పోసి ఆరబెడతారు. వాడే ముందు నీళ్లు చుక్కలు వేసి రాతి పలక మీద అరగదీస్తారు. డ్రాగన్ బొమ్మకు మబ్బులు ఎక్కువ కాబట్టి సిరా కూడా చాలా కావాలి. అరగదీయడానికే ఎంతో సమయం పోతుంది. ఆ వేళలో చేయి స్థిమితపడుతుందని గురువులు శిష్యులకు చెబుతుంటారు.

నీళ్ల పాళ్లు మార్చి ఒకే నలుపును కారునలుపు నుంచి లేత బూడిద వరకు ఐదు రకాలుగా వాడతారు. డ్రాగన్ వీపు అంచు దాకా ముదురు పూత తెచ్చి, ఆ అంచు దగ్గర ఆపేస్తారు. లోపల కాగితం తెల్లగానే ఉండిపోతుంది. ఆ తెలుపే డ్రాగన్ ఒంటి మెరుపు. మబ్బు వైపు అదే పూతను తడి కుంచెతో చెదరగొడితే అంచు కరిగిపోతుంది. గీత ఒక వైపు పదునుగా, ఇంకో వైపు లేకుండా పోవడం వల్లనే డ్రాగన్ మబ్బులోంచి ఇప్పుడే బయటికి వస్తున్నట్టు ఉంటుంది. పూత ఆరాక, నీళ్లు పిండేసిన కుంచెతో పొలుసులకు నీడలు వేస్తారు. కాగితం మీద పడ్డ సిరాను చెరపడం కుదరదు. అందుకే ఎక్కడ గీయకూడదో ముందే తెలిసి ఉండాలి.

కళ్లు

బొమ్మలో కనుపాపలు ఆఖరున పెట్టడం ఈ ప్రాంతమంతటా ఆచారం. దీని వెనుక జాంగ్ సెంగ్‌యూ కథ ఉంది. ఆయన 6వ శతాబ్దపు లియాంగ్ వంశం నాటి చిత్రకారుడు. ఇప్పటి నాన్‌జింగ్‌లోని ఒక గుడి గోడమీద నాలుగు డ్రాగన్లు గీసి కనుపాపలు పెట్టకుండా వదిలేశాడు. పెడితే ఎగిరిపోతాయన్నాడు. జనం నమ్మలేదు. బలవంతం మీద రెండింటికి పెట్టగానే ఉరుములు ఉరిమి, గోడ బద్దలై ఆ రెండూ ఆకాశంలోకి వెళ్లిపోయాయట. కళ్లు లేనివి రెండూ గోడమీదే ఉండిపోయాయట. 847లో జాంగ్ యెన్‌యువాన్ రాసిన చిత్రకళా చరిత్రలో ఈ కథ కనిపిస్తుంది. నేటికీ పండుగ ఊరేగింపులకు ముందు కొత్తగా చేసిన డ్రాగన్ బొమ్మలకూ పడవపందేల డ్రాగన్ తలలకూ ఎర్రరంగుతో కళ్లు దిద్దే తంతు జరుపుతారు. మన శిల్పులు విగ్రహానికి నేత్రోన్మీలనం చేసే పద్ధతి తెలిసినవారికి ఇందులో కొత్తేమీ ఉండదు.

క్యోటో గుడి కప్పులు

జపాన్ జెన్ ఆలయాల్లో ధర్మోపదేశం జరిగే పెద్ద మందిరం కప్పు మీద డ్రాగన్ ఉండడం సంప్రదాయం. డ్రాగన్ ధర్మాన్ని కాపాడుతుంది, నీటి దేవత కనుక కట్టె భవనాన్ని నిప్పు నుంచి కూడా కాపాడుతుందని నమ్మకం. క్యోటోలోని మ్యోషిన్‌జి ఆలయ కప్పు మీది డ్రాగన్‌ను కానో తాన్యూ 1656లో పూర్తి చేశాడు. దానికి ఎనిమిదేళ్లు పట్టిందని ఆలయం చెబుతుంది. వలయాకారంలో ఉన్న ఈ చిత్రం అడ్డుకొలత 12 మీటర్లు. కింద ఎక్కడ నిలబడ్డా ఆ డ్రాగన్ మననే చూస్తున్నట్టు ఉంటుంది. మందిరంలో చుట్టూ తిరుగుతూ పైకి చూస్తే, ఒక చోటి నుంచి కిందికి దిగుతున్నట్టు, ఎదురు చోటి నుంచి పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది.

కెన్నిన్‌జి ఆలయం ఎనిమిది వందల ఏళ్ల ఉత్సవం సందర్భంగా 2002లో కోయిజుమి జున్‌సాకు వేసిన జంట డ్రాగన్లు ఈ సంప్రదాయంలో ఇటీవలి మహాకార్యం. చిత్రం 11.4 మీటర్ల వెడల్పు, 15.7 మీటర్ల పొడవు. ఇంత పెద్ద కాగితం పరచడానికి హొక్కయిదో దీవిలో మూతబడిన ఒక ప్రాథమిక పాఠశాల వ్యాయామశాలను ఎంచుకున్నారు. నేలమీద పరచిన జపాన్ కాగితం మీద చైనా సిరాతో దాదాపు రెండేళ్లు పని చేసి, ఆ తర్వాత క్యోటోకు తెచ్చి కప్పుకు అతికించారు. అప్పటికి కోయిజుమికి ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. జెన్ ఆలయాల్లో కప్పు మీద సాధారణంగా ఒక్క డ్రాగనే ఉంటుంది. ఇక్కడ రెండు. ఒకటి నోరు తెరిచి, ఒకటి మూసి ఉంటాయి. అదే ఆలయంలో 16వ శతాబ్దం చివర కైహో యూషో తలుపు పలకల మీద వేసిన డ్రాగన్ల పక్కన నిలబడగల పని ఇది.

సోగా షోహాకు 1763లో వేసిన 'డ్రాగన్, మబ్బులు' కూడా ఈ వరసలోనే చెప్పుకోవాలి. ఎనిమిది తలుపు పలకల మీద పదిమీటర్లకు పైగా వ్యాపించిన ఆ చిత్రంలో డ్రాగన్ ముఖమే ఒక గదిని నింపేస్తుంది. ఇదీ బోస్టన్‌లోనే ఉంది. హొకుసాయ్ తన చివరి రోజుల్లో, 1849లో, ఫూజీ కొండ మీదుగా పొగలో పైకి లేచే చిన్న డ్రాగన్‌ను గీశాడు. తొంభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి వేసిన ఆ బొమ్మలో డ్రాగన్ కన్నా పొగే ఎక్కువ.

పింగాణీ, జరీ, లాకర్, ఇటుక

హస్తకళల్లో డ్రాగన్‌కు వేరే కష్టాలు. ఇక్కడ మబ్బును కరిగించే తడి లేదు. మట్టి, దారం, చెట్టు పాలు వేటి నియమం వాటిదే.

జింగ్‌దెజెన్ కుమ్మరులు కాల్చని పింగాణీ పాత్ర మీద కోబాల్ట్ రంగుతో గీస్తారు. ఆరిన మట్టి రంగును అప్పటికప్పుడే పీల్చేసుకుంటుంది, దిద్దుబాటుకు వీలుండదు. గీసేటప్పుడు ఆ రంగు మాసిన నలుపులా ఉంటుంది. పైన పారదర్శకమైన గ్లేజు పూసి, 1,300 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాల్చాక నీలం బయటపడుతుంది. అంటే తన చేతి కింద లేని రంగును మనసులో చూస్తూ గీయాలి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని డేవిడ్ కూజాలు ఈ పనికి మచ్చుతునకలు. మెడ మీది రాతను బట్టి వాటిని 1351లో ఒక దావో మందిరానికి కానుకగా ఇచ్చారు. నాలుగు గోళ్ల డ్రాగన్ కూజా చుట్టూ తిరుగుతుంది. పాత్ర గుండ్రం కనుక తల చూసిన చోటి నుంచి తోక కనిపించదు. చుట్టచిత్రంలో మబ్బు చేసిన పనిని ఇక్కడ పాత్ర వంపే చేస్తోంది.

యువాన్ కాలపు పనివాళ్లు దీన్ని తిరగేసిన పద్ధతి కూడా కనిపెట్టారు. కూజా అంతటా ముదురు నీలపు గ్లేజు పూసి, డ్రాగన్‌ను మాత్రం తెల్లగా ఉంచేశారు. ఈ తరహా కూజా ఒకటి యాంగ్‌జౌ మ్యూజియంలో ఉంది. నీలం మీద ఆ తెల్ల డ్రాగన్ చెన్ రోంగ్ చిత్రాలకు దగ్గర బంధువు.

చింగ్ రాజవస్త్రాల మీద తొమ్మిది డ్రాగన్లు కుడతారు. ఎనిమిది పైకి కనిపిస్తాయి, తొమ్మిదోది ముందు మడత కింద దాగుతుంది. బంగారు రేకు అతికించిన కాగితాన్ని సన్నగా కోసి పట్టుదారం మీద చుట్టి జరీ చేస్తారు. ఆ జరీని గుడ్డలోంచి దూర్చరు. పైన పరిచి, సన్నని పట్టుదారంతో అక్కడక్కడ బిగిస్తారు. బిగించే దారం రంగు మార్చితే బంగారం కూడా రంగు మారినట్టు అగుపిస్తుంది. కుట్టేవాళ్లు డ్రాగన్ పొట్టకు, వీపుకు తేడా చూపించగలిగేది ఇలాగే.

లాకర్ పనిలో చెట్టు పాలను పలచని పొరలుగా పదుల సార్లు పూసి, ఒక్కో పొర ఆరాక ఇంకోటి వేస్తూ మందం తెచ్చి, ఆపైన చెక్కుతారు. 15వ శతాబ్దపు తొలి దశకాల్లో బీజింగ్ రాజకార్ఖానాలో చేసిన ఎర్రని బల్ల ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాని మీది డ్రాగన్లకు మొదట ఐదేసి గోళ్లు ఉండేవి. తర్వాత ఎవరో ప్రతి పాదానికీ ఒక గోరు తీసేశారు. చక్రవర్తి ఇంటి వస్తువు బయటివారి చేతికి వచ్చినప్పుడు ఇలా చేయాల్సి వచ్చింది. నాకు తెలిసిన డ్రాగన్ వస్తువులన్నిటిలో మనిషి భయం ఇంత స్పష్టంగా కనిపించేది ఇంకోటి లేదు.

గ్లేజు ఇటుకలతో కట్టిన తొమ్మిది డ్రాగన్ల గోడల్లో పాతది షాన్‌షీ రాష్ట్రం దాతుంగ్‌లో 1392లో మింగ్ రాకుమారుడి భవనం ముందు కట్టినది. పొడవు 45.5 మీటర్లు. బీజింగ్ రాజప్రాసాదంలోని గోడ 1770ల తొలి ఏళ్ల నాటిది, 270 పలకలతో కూర్చినది. ప్రతి పలకనూ విడిగా మలిచి కాల్చాలి. మట్టి బట్టీలో కుంచించుకుపోతుంది కాబట్టి అతుకుల దగ్గర పొలుసులు కలవడం గొప్ప పనితనమే. ఈ గోడలో ఒక తెల్ల డ్రాగన్ పొట్ట దగ్గరి ముక్క చెక్కతో చేసినదని, బట్టీలో ఒక పలక పాడైతే గడువు మించకుండా పనివాళ్లు చెక్కి రంగేశారని చెప్పుకుంటారు.

నేటి పని

జపాన్‌లోని నిక్కో పట్టణంలో ఒక్క గీత డ్రాగన్ అనే కళ ఇంకా బతికి ఉంది. ముందు తల వివరంగా గీస్తారు. తర్వాత వెడల్పాటి కుంచెకు ఒక అంచున ముదురు, మరో అంచున పలచని సిరా అద్ది, మెడ నుంచి తోక దాకా ఒళ్లంతా ఎత్తకుండా లాగుతారు. లాగుతూ చేతిని చిన్నగా ఆపి ఆపి కదిపితే ఆ ఆగిన చోట్లే పొలుసుల వరసలవుతాయి. చివర గోళ్లు, మీసాలు చేరుస్తారు. కొనేవాళ్లు ఎదురుగా నిలబడి చూస్తుండగానే బొమ్మ పూర్తవుతుంది. తల గీయడానికి పట్టే సమయంలో పదోవంతు కూడా ఒంటికి పట్టదు.

హాంకాంగ్‌లోని తాయ్‌హాంగ్ వాడలో 1880 నుంచి శరత్కాల పండుగకు గడ్డితో అల్లిన 67 మీటర్ల డ్రాగన్‌కు ఒళ్లంతా అగరుబత్తులు గుచ్చి రాత్రి వీధుల్లో ఆడిస్తారు. అక్కడ పొగ నిజమైన పొగే. ఆ డ్రాగన్ పండుగ దాటి మిగలదు, ప్రతి ఏడూ మళ్లీ కడతారు.

చెన్ రోంగ్ పేరున్న చిత్రాలు చాలా అరుదు. జపాన్‌లోని ఫుజితా మ్యూజియం తన దగ్గరున్న 'ఆరు డ్రాగన్లు' అనే చుట్టను 2017 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో పెట్టినప్పుడు, సుమారు 12 నుంచి 18 లక్షల డాలర్లు వస్తుందని వేసిన అంచనా దాటి 4.89 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. బోస్టన్ చుట్ట పాత కాగితం, వెలుతురు తగిలితే దెబ్బతింటుంది. అందువల్ల ఎప్పుడూ ప్రదర్శనలో ఉండదు. అది బయటికి తీసిన రోజుల్లో బోస్టన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువారు వెళ్లి, కుడివైపు కొన నుంచి మొదలుపెట్టి నడుస్తూ చూడాలి.